పొడి గుడ్డ

"అమ్మమ్మా, సోమవారం నుంచి ఆల్థాన్ల పిల్లల్ని చూసుకునే సెంటర్ల డ్యూటీ గదా నాకు. తల్లులు తెచ్చుడు మర్చిపోతే వాడెతందుకు సెంటర్ల కొన్ని డైపర్లు పెట్టుకుంటరట. ఏవి తేవాల్నో నన్నే చూడుమన్నరు. గివి రెండు రకాలు. నువ్వు ఇన్నేండ్లు పిల్లల్ని సాకినవ్, ఏది మంచిదో జర చెప్పరాదు?"

ఏదీ, ఇటు తే బిడ్డా. ఆ కిటికీ కాంచి పక్కకు జరుగు, ఎలుగు రానియ్యి. ఆ... ఇది పల్సగున్నది. ఇంకోటి? అమ్మో, ఇది మందంది. గిసుంటిదే. పేరు వేరే కావచ్చు, మీది బొమ్మ వేరే కావచ్చు, కానీ గీ మందం నా చేతికి ఎరుకే. పక్కకు పెట్టు దాన్ని. లేదు లేదు, పడెయ్యకు, దాని తప్పేం లేదు. జర నాకు దూరం పెట్టుమంటున్న, గంతే.

నవ్వకు స్వప్నా. డైపర్ను చూసి భయపడుడేందని నవ్వుతున్నవ్. మీ అమ్మ గూడ గట్లనే నవ్వుతది. మీ అమ్మకు సగమే చెప్పిన. నేను సాకే పాపకు సుస్తయింది, దవాఖానకు తీస్కపోయినం అని చెప్పి ఊకున్న. మిగిలిన సగం ఎవ్వలకు చెప్పలె. మీ తాతకు గూడ చెప్పలె. నువ్వు పిల్లల్ని పట్టుకునే పనికి పోతున్నవ్ గాబట్టి చెప్పాలె ఇగ.

మీ తాత గీ సూరత్ల లింబాయత్ దిక్కు బట్టల ఖాతాల నేత సాంచెలు నడుపుతుండె గదా. ఆ సప్పుడుకు చెవులు పోయినయ్. సాంచె సప్పుడు మారినా తెలుస్తలేదని షేటు పనికి వద్దన్నడు. గప్పుడు నేను ఇండ్లల్ల పిల్లల్ని చూసుకునే పనికి పడ్డ. ముందు ఒక మార్వాడీ వాళ్లింట్ల, కవలలు... కాదు కాదు, కవలలు తర్వాత. ముందు బ్యాంకుల చేసే ఆమె ఇంట్ల. సరే, ఎవలైతేంది. శిరీష మేడం దగ్గరికి పోయేసరికి ఐదారుగురు పిల్లల్ని సాకిన చెయ్యి నాది. నాకు తెల్వంది లేదనుకుంటుంటి.

శిరీష మేడమంటే ఆంధ్ర దిక్కు మనిషి, హజీరాల పెద్ద కంపెనీల ఇంజినీరు. సారుది గూడ కంపెనీ పనే గానీ ఊళ్లు తిరుగుతుంటడు, నెలల పది దినాలు గూడ ఇంట్ల ఉండడు. అడాజన్ల ఐదో అంతస్తుల ఇల్లు. పాప పేరు ఆద్య. సూరత్ల అందరు నన్ను మాసీ అంటరు, బాయి అంటరు. 'రాజమ్మగారూ' అని పిలిచింది ఆమె ఒక్కతే. మొదటి దినం నేను ఎనుకకు తిరిగి చూసిన, ఎవల్ని పిలుస్తున్నదో అని. నిజం!

డైపర్లు మొదలు మేడమే తెస్తుండె. పల్సటియి. మూడు గంటలకు ఒకటి మార్చుమన్నది, మారుస్తుంటి. మా కాలంల యాడియి గివన్ని? పాత చీరలు చింపి గుడ్డలు చేసేటోళ్లం. మా అత్త, అంటే మీ తాతవాళ్ల అమ్మ, పిల్లను చూడకపోతుండె, దండెం చూస్తుండె. "ఇయ్యాల గుడ్డలు తక్కువున్నయ్, పిల్లకు పాలు సాలుతలేవు" అంటుండె. ముసల్దాని సాధింపని నేను గులుగుతుంటి. గామె గుడ్డలు లెక్కపెట్టుడు ఎందుకో నాకు ఎప్పుడు తెలిసింది? గా దినం తెలిసింది.

ఆ... ఏం చెప్తున్న? డైపర్లు. ఒకనాడు అయిపోయినయ్. "రాజమ్మగారూ, కింద షాపులో మీరే చూసి తెచ్చేయండి, నాకంటే మీకే బాగా తెలుసు" అన్నది మేడం. గా మాటకు నేను ఎంత ఉబ్బిననో చెప్పలేను. షాపాయన గీ మందంది తీసిండు. "మాసీ, ఇది తీస్కపో, పన్నెండు గంటలు ఫికర్ లేదు" అని గిలాసెడు నీళ్లు తెచ్చి దాంట్ల పోసిండు. నా చెయ్యి పట్టి దాని మీద పెట్టిచ్చిండు. పొడిగున్నది బిడ్డా! నీళ్లు యాడికి పోయినయో! జాదూ లెక్క. నేను మా అందరి గుడ్డలు పిండిన చేతులతోని దాన్ని పట్టుకొని సంబురపడ్డ. ఇగ నా పని గూడ తక్కువైతది అనుకున్న. అబద్ధమెందుకు, అనుకున్న. మోకాళ్లు గప్పటికే గుంజుతుండె.

రెండు మూడు నెలలు మంచిగ నడిచింది. పాప పిర్రలు ఎర్రగ కాలె, మేడం ఖుషి. నేను మెల్లగ ఇప్పి చూసుడు తక్కువ చేసిన. పై నుంచి ఒత్తి చూస్తుంటి. బరువుంటే ఉచ్చ పోసినట్టు, లేకుంటే లేనట్టు. గంతే లెక్క.

పాపకు ఎనిమిదో నెల నడుస్తుండె. వానలు. పొద్దుగాల నేను పోయేసరికి మేడం మొకం తెల్లగున్నది. రాత్రి పాప కక్కిందట, పొద్దున రెండు సార్లు నీళ్ల మోషన్లు అయినయట. సారు ఊర్ల లేడు. మేడంకు సెలవు దొరకలె, ఏదో మిషను చూసెతందుకు పెద్దోళ్లు వస్తున్నరట, పోకపోతే కాదట. పాపను నా చేతికిచ్చి చెప్పింది, "డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడాను. ఓఆర్ఎస్ నీళ్లు చెంచా చెంచా పట్టించమన్నారు. పాస్ పోస్తుంటే భయం లేదన్నారు. అదొక్కటి చూస్తుండండి రాజమ్మగారూ."

అదొక్కటి. ఆమె నాకు ఒప్పజెప్పింది అదొక్కటే.

పది గంటలకు ఫోను చేసింది. "పోసిందా?" నేను డైపర్ను ఒత్తి చూసిన. బరువున్నది, ఉబ్బింది. "పోసిందమ్మా, మంచిగ పోసింది." ఆమె పానం నెమ్మదైంది, ఫోన్ల ఊపిరి ఇడిసిన సప్పుడు ఇనపడ్డది నాకు. ఆ డైపర్ మార్చిన. ఎనుక జరంత పసుపు మరక, గంతే. మోషను తగ్గింది, ఉచ్చ మంచిగొస్తుందనుకున్న. నీళ్లు పట్టిస్తే రెండు చెంచాలు మింగి మూడోది కక్కుతుంది. అయినా తాపిన. పండుకున్నది. పండుకుంటే మంచిదే గదా అనుకున్న. పన్నెండింటికి మల్ల ఫోను. మల్ల ఒత్తిన. మల్ల బరువు. "పోసిందమ్మా."

రెండు కావస్తుండంగ లేచింది. లేచి ఏడ్చింది. ఏడుపు... ఎట్ల చెప్పాలె, ఏడుపు పల్సగున్నది. ఎత్తుకున్న. కండ్లల్ల నీళ్లు లేవు బిడ్డా. ఏడుస్తుంది గానీ కండ్లు పొడిగున్నయ్. నోట్ల వేలు పెట్టి చూసిన, నాలిక వేలుకు అంటుకున్నది, బంక లెక్క. తల నిమిరిన. నా చెయ్యి మాడ మీద ఆగింది. చిన్నపిల్లల నడినెత్తిన మెత్తగుంటది చూడు, అదే మాడ. మాడ లోపటికి పోయింది. నా బొటనవేలు అండ్ల పట్టింది.

గా గుంట నాకు ఎరుకే. మా తోడికోడలు భాగ్య కొడుకు, పదకొండు నెలలోడు, నా ఒళ్లెనే ఉండె. భాగ్య నాట్లకు పోయింది, నేను ఇంటికాడ ఉన్న. గట్లనే మోషన్లు, గట్లనే మాడ గుంట. పెద్దూరికి దవాఖానకని బండి కట్టిచ్చినం... సగం తొవ్వల... సరే, వద్దులే. చెప్పను. వాని తలకాయ నా చేతుల ఎంత అలకగయిందో నాకు ఇప్పటికి యాదికున్నది.

మంచం మీద పండవెట్టి డైపర్ ఇప్పేసిన. నా సంచిల పాత చీర ముక్క ఒకటి ఉంటుండె, ఉతికింది, పాప మూతి తుడిచెతందుకు. అది మడిచి కింద పెట్టిన. పెట్టి కూసున్న. ఉచ్చ పోస్తే తడుస్తది గదా. పోస్తదిలే, ఇప్పుడు పోస్తది. "ష్... ష్..." అని సప్పుడు చేసిన, మా అత్త చేసినట్టు. చెంచాతోని నీళ్లు పట్టిన, మూతి పక్కపొంటి కారిపోయినయ్. గుడ్డ పొడిగున్నది. గోడ గడియారం చూసిన. మల్ల గుడ్డ చూసిన. పొడి. చేతితోని ముట్టి చూసిన. పొడి. బయట వాన దంచుతుంది, ఊరంత నీళ్లు, ఇంట్ల గీ జానెడు గుడ్డ తడుస్తలేదు.

నువ్వు అడుగుతవ్, అప్పుడే దవాఖానకు ఎందుకు ఉరకలేదని. ఊకె చూస్తున్నవ్ గానీ నీ మొకంల గదే ఉన్నది. అడుగు, తప్పులేదు. నేను గూడ నన్ను అడుగుకుంట. పోతే అడుగుతరు గదా బిడ్డా. పొద్దటి సంది ఏం జేసినవ్, ఏం చూసినవ్ అని అడుగుతరు. రెండు సార్లు పోసిందని చెప్పిన నోరు నాది. ఒక్కసారి పోస్తే సాలు, గుడ్డ తడిస్తే సాలు, నా మాట నిజమైతది, నేను బతికిపోత. గా ఆశకు కూసున్న. ముల్లు సగం తిరిగింది. గా అరగంట మాత్రం నాది. డైపర్ మీదికి తోస్తే పాపం తగుల్తది.

మూడోసారి ఫోను మోగింది. "పోసిందా రాజమ్మగారూ?" నా నోట్లెకెల్లి ఏమొచ్చింది తెలుసా? "చూస్తున్నమ్మా" అని వచ్చింది. అని ఫోను పెట్టేసిన. గప్పుడు గూడ చెప్పలె.

ఫోను కింద పెట్టంగనే గుడ్డ తడిసింది. తడవంగనే నా గుండె ఎగిరింది, దేవుడా పోసింది అని. చేతుల తీసుకున్న. నీళ్లే, తెల్లటి నీళ్లే. కానీ వాసన ఉచ్చది కాదు. ఎనుక నుంచి వచ్చినయ్ ఆ నీళ్లు. ముందుదిక్కు గుడ్డ పొడి పొడిగనే ఉన్నది.

గప్పుడు మొత్తం సమజైంది నాకు. పొద్దటి సంది నేను బరువు చూసింది గీ నీళ్ల మోషన్నే. అది మోషన్ల నీళ్లను గూడ ఉచ్చ తాగినట్టే తాగింది. పైన మరక గూడ సరిగ కనపడనియ్యలె. పిల్ల పానం నీళ్లయి కారిపోతుంటే నేను ఒత్తి చూసి "మంచిగ పోసింది" అని చెప్తున్న.

ఎట్ల లేచిననో తెల్వది. ఎదురింట్ల హంసాబెన్ ఉంటుండె, మా ఈడుదే, గుజరాతీ ఆమె. తలుపు గుద్దిన. ఆమె పాపను చూసి ఇంకేం అడగలె, చెప్పులు గూడ ఏసుకోలె. కరెంటు లేదు, లిఫ్టు బంద్. ఐదంతస్తులు దిగినం. నేను పాపను రొమ్ముకు కరుసుకొని దిగుతున్న, మెట్ల మీద నీళ్లు, జారితే ఇద్దరం పోతం. కింద హంసాబెన్ వానల నిలబడి రిక్షాను ఆపింది. రిక్షాల పాప కండ్లు సగం మూసి సగం తెరిచి ఉన్నయ్. ఏడుస్తలేదు. ఏడ్వకపోతుంటే నాకు ఇంకింత భయం. అరికాలు గిచ్చిన. "ఏడువు తల్లీ, ఏడువు, నన్ను తిట్టుకుంట ఏడువు" అని గిచ్చిన. జర మూతి తిప్పింది, గంతే.

హంసాబెన్ రిక్షాల నుంచే మేడంకు ఫోను చేసింది. మేడం హజీరా నుంచి బండి ఎక్కింది గానీ వానకు రోడ్డు జామైంది. మేము దవాఖాన చేరంగ గూడ ఫోను నడుస్తనే ఉన్నది. హంసాబెన్ దాన్ని స్పీకర్ల పెట్టి పట్టుకున్నది.

చిన్నపిల్లల డాక్టరమ్మ, వయసు పిల్లనే. పాప కడుపు మీద తోలు రెండు వేళ్లతోని పట్టి ఇడిసింది. పట్టిన మడత పట్టినట్టే నిలబడ్డది. డాక్టరమ్మ మొకం మారింది. నన్ను చూసి, "మాసీ, పేషాబ్ ఎప్పుడు చేసింది ఆఖరుకు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపటనే ఫోన్ల మేడం అందుకున్నది. హిందీల చెప్పింది, నాకు మంచిగ అర్థమైంది. "పన్నెండింటికి చేసింది డాక్టర్. మా రాజమ్మగారు చూశారు. ఆవిడ చాలా జాగ్రత్త మనిషి."

డాక్టరమ్మ నన్నే చూస్తుంది. హంసాబెన్ చూస్తుంది. నేను ఊ అంటే అయిపోతది. ఎవలకు తెలుస్తది? డైపర్ ఇంట్ల చెత్తబుట్టల ఉన్నది. ఊ అంటే నా నౌకరీ ఉంటది, నా మర్యాద ఉంటది. నా చేతుల చూస్తే పాప. దాని పెదిమెలు తెల్లగ పగిలినయ్.

"తెల్వది" అన్న.

తెలుగుల అన్న, భయానికి. మల్ల హిందీల చెప్పిన. "నాకు తెల్వది డాక్టరమ్మా. నేను చూడలె. డైపర్ బరువుంటే ఉచ్చ అనుకొని చెప్పిన. అవి మోషన్ల నీళ్లు. పొద్దటి సంది ఒక్కసారన్న పోసిందో లేదో నాకు తెల్వది."

ఫోన్ల వాన సప్పుడు, హారన్లు, గవే. కట్ అయిందేమో అనుకున్న. కాలె. ఆమె ఇంటున్నది.

డాక్టరమ్మ ఇగ నన్ను చూడలె, పాపను ఎత్తుకొని లోపటికి ఉరికింది. సూది పెట్టెతందుకు నరం దొరకలె. ఈ చెయ్యి చూసిన్రు, ఆ చెయ్యి చూసిన్రు. పాప ఏడ్వలె గూడ, సూది కుచ్చినా ఏడ్వలె. తలుపు సందుల నుంచి చూస్తున్న నేను. ఆఖరుకు కాలు దగ్గర దొరికింది, గులుకోజు ఎక్కిచ్చిన్రు. ఒక నర్సు బయటికొచ్చి నన్ను దూరం జరుగుమన్నది. చెప్పులు ఇడిసే జాగల గోడకు ఆనుకొని కింద కూసున్న.

మేడం వచ్చింది. నిండ తడిసింది. నా ముందల నుంచే పోయింది. నన్ను చూడలె. చూడలేదంటే, చూసింది, కానీ గోడను చూసినట్టు చూసింది. కొడితే మంచిగుండు అనిపించింది నాకు.

ఎంతసేపు కూసున్ననో. మొక్కులు గూడ గుర్తుకు రాలె, నోట్ల ఒక్కటే మాట, ఉచ్చ పొయ్యాలె, పొయ్యాలె, పొయ్యాలె. దీపాలు పెట్టే యాళ్లయింది. తలుపు తీసుకొని మేడం బయటికొచ్చింది. చేతుల ఒక గుడ్డ ఉన్నది, దవాఖాన పక్కగుడ్డ. నా ముందట నిలబడ్డది. ఆ గుడ్డ నా చేతుల పెట్టింది.

తడిగున్నది. వెచ్చగున్నది.

నేను దాన్ని మొకానికి ఒత్తుకున్న. ఉచ్చ వాసన బిడ్డా, ఉచ్చ వాసనే. గంత మంచి వాసన నా జన్మల చూడలె. గప్పుడు ఏడ్చిన, గప్పటిదాంక ఏడుపు రాలె. మేడం గూడ ఏడ్చింది, కానీ నా పక్కన కాదు. అటు తిరిగి ఏడ్చింది.

నేను ఇంటికి పోయేటప్పుడు డాక్టరమ్మ నాతోని ఒక మాట అన్నది. పన్నెండింటికి పోసిందన్న మాటే ఖాయమైతే, ముందు నోటితోని నీళ్లు పట్టి కొద్దిసేపు చూద్దామనుకునేదాన్నేమో అన్నది. "ఇంకింత సేపు ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేను మాసీ" అన్నది. మెచ్చుకున్నదో తిట్టిందో నాకు ఇప్పటికి తెల్వది.

సారు వచ్చిండు, నన్ను మల్ల గడప తొక్కనియ్యొద్దన్నడు. ఆయనదేం తప్పులేదు. నేను ఇంట్లనే ఉన్న, ఇరవై దినాలు. తలుపు కొడితే పోలీసులేమో అని మంచం కింద దూరబుద్దయ్యేది. మీ తాత అడిగితే నడుం నొస్తుందని చెప్పిన. అన్నం ముద్ద పెట్టుకుంటే మాడ గుంట యాదికొస్తుండె.

ఇరవై దినాలకు మేడమే ఫోను చేసింది. "రండి" అన్నది. పోయిన. హాలుల పైన కెమెరా పెట్టిచ్చిన్రు. దాన్ని చూపిచ్చింది నాకు. "నా కోపం తగ్గలేదు రాజమ్మగారూ. దాచను. కానీ కొత్త మనిషిని పెట్టుకుంటే, ఆ మనిషి ఆ రోజు డాక్టరు ముందు ఏం చెప్పేదో నాకు తెలియదు. మీరేం చెప్పారో నా చెవులతో విన్నాను" అన్నది. గంతే. మల్ల గా సంగతి ఎన్నడు తీయలె. మల్ల ముందటి లెక్క నవ్వి మాట్లాడెతందుకు ఏడాది పట్టింది.

ఆ కెమెరా కింద పాప బడికి పోయేదాంక చేసిన. సిగ్గనిపించలె. ఒక్కోసారి దాని దిక్కు చూసి, చూస్తుండు, మంచిగ చూస్తుండు అనుకుంటుంటి. తర్వాత వాళ్లకు వేరే రాష్ట్రం బదిలీ అయింది. పాప పోయేనాడు రెండు జడలేసుకొని నా మెడ పట్టుకొని ఇడ్వలె. దానికేం తెల్వది. తెల్వకపోవుడే మంచిది.

కానీ భయం పోలె స్వప్నా. పోతదనుకున్న, పోలె. ఇప్పటికి పక్కింటి పిల్లను ఎత్తుకున్నా నా చెయ్యి ముందు మాడ మీదికే పోతది.

నువ్వు అడిగింది ఏంది... ఏది తేవాలె అని. పల్సటిదే తే. నీళ్లు ఎక్కువ దాచుకోనిది తే. ఊకూకె మార్చాల్సి వస్తదా, రానియ్యి, మార్చినప్పుడల్ల పిల్లను చూస్తవ్. గా మందంది తొవ్వల, ప్రయాణంల పనికొస్తది, ఇంట్ల తల్లి పక్కన పనికొస్తది. నీ దగ్గర ఒక్క పిల్ల కాదు, ఎనిమిది తొమ్మిదిమంది ఉంటరు. ఎవలికన్న మోషన్లున్నయని తెలిస్తే లోపట ముందుదిక్కు దూది ముక్క పెట్టు, లేకుంటే గుడ్డ కట్టు. అది తడిసిందంటే ఉచ్చ, తడవలేదంటే డాక్టరు. అరగంట కూసోకు. ఇంకోటి, తల్లి ఫోను చేసి అడిగితే, చూసింది చెప్పు. చూడకపోతే చూడలేదని చెప్పు. "తెల్వది" అనే మాట బయటికి రాదు బిడ్డా, గొంతుల ముల్లు లెక్క ఉంటది. అయినా చెప్పు. నీ నౌకరీ పోతే నేనున్న, రెండు రొట్టెలు పెడత.

ఎందుకు కండ్లల్ల నీళ్లు? భయపెట్టిన్నా? భయపెడుదామనే చెప్పిన. ఇటు రా, దగ్గరికి రా. ఏం దీవెన పెట్టాలె నీకు... పైసలు రావాలె, పేరు రావాలె అని అందరు పెడతరు. నేను గిట్ల పెడత. నీ ఒళ్లె పడ్డ పిల్లలు దినాం పదిసార్లు నీ బట్టలు తడపాలె. నువ్వు పదిసార్లు కడుక్కోవాలె, విసుక్కోకుండ. సాయంత్రం ఏ తల్లి పిల్లను ఆ తల్లి చేతుల నవ్వుకుంట పెట్టాలె. నీ కొంగు ఎన్నడు ఆరొద్దు తల్లీ... ఎన్నడు ఆరొద్దు...